రెక్కకి పడ్డ రంధ్రాలు

పాతపట్నం,
ఏప్రిల్ 9

ఒసే అనూ,

మా వీధి చివర ఎర్ర డబ్బా ఇంకా పనిచేస్తోందా అని పోస్టాఫీసులో అడిగితే, అక్కడి గుమస్తా నన్ను ఎగాదిగా చూసి, “ఏటమ్మా, లవ్వేటి?” అన్నాడు. కాదు, విమానం అన్నాను. నేనెవరి చెల్లెల్నో గుర్తొచ్చి, తలొంచుకుని కవరు ఇచ్చాడు.

ఫోన్లో ఎందుకు చెప్పనంటే, పోయిన నెల మా మేనత్తకి పంపిన వాయిస్ మెసేజి ఎన్ని చేతులు మారిందో, నా ఏడుపు ఒక యూట్యూబ్ ఛానల్లో వచ్చింది. వెనక సన్నాయి కూడా పెట్టారు. కాగితాన్నయితే ఎవరూ అంత సులువుగా ఫార్వర్డ్ చెయ్యలేరు.

అన్నయ్య ఆ చిన్న శిక్షణ విమానంతో ఒక్కడూ మీ ఊరి సరుగుడు తోపులో పడి రెండు నెలలవుతోంది. దర్యాప్తు వాళ్ల తొలి నివేదిక వచ్చింది. విమానం గాలిలో పగల్లేదట, మొత్తంగా వచ్చి నేలకే కొట్టుకుందట. పైలట్ ఉండవలసిన ఎత్తుకన్నా బాగా కిందికి దిగాడట. కారణం ఇంకా తేలలేదని కూడా రాశారు గానీ, ఆ వాక్యం మా ఊళ్లో ఎవరికీ కనపడలేదు. నిన్న కుక్కర్ గాస్కెట్ కోసం వచ్చినాయన మా స్టీలు సామాన్ల కొట్లో నాన్న ఎదురుగా నిలబడి, “సముద్రం సూసి సరదా పడి కిందకి దింపేసేడంట గదా సావుకారూ, మీ చంద్రమౌళి? కుర్రతనం!” అన్నాడు. నాన్న గాస్కెట్‌ని వేలితో సాగదీసి చూపించి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆ రోజు అన్నం తినలేదు.

సరదా పడే మనిషేనా వాడు? స్కూటర్ మీద నన్ను ఎక్కించుకుంటే, ఎక్కడో బర్రె కనపడగానే ఇక్కడ బ్రేకు వేసేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ వారమంతా సముద్రంలో క్షిపణి పరీక్షలని మీ వాళ్లని చేపల వేటకి వెళ్లొద్దన్నారు కదా. మీ మగవాళ్లు పెద్ద మోత విన్నామన్నారు కదా. నాన్న మీ ఊరు వచ్చినప్పుడు మీ మామ్మ ఆయన చేతిలో పెట్టిన రేకు ఉందే, రెక్క మీది తెల్లరంగు రేకు, దాన్ని ఇన్నాళ్లూ పరీక్షగా చూశాను. దాని నిండా రంధ్రాలు. అన్నీ దాదాపు ఒకటే సైజు. గుండ్రంగా లేవు, చదరంగా ఉన్నాయి. రంగున్న పక్క నుంచి లోపలికి పొడుచుకుపోయాయి, అంచులు లోపలి వైపే వంగాయి. అంటే దెబ్బ బయటి నుంచి వచ్చింది. కొన్ని క్షిపణుల్లో చిన్న చిన్న ఇనప ఘనాలు పేర్చి ఉంటాయట. పేలితే అవి చదరపు చిల్లులు పెడతాయట. ఫిజిక్సు ఎమ్మెస్సీ చదివి స్టీలు గరిటెలకి రేటు స్టిక్కర్లు అతికిస్తున్న నాకు, చదువు ఇన్నాళ్లకి పనికొచ్చిందనిపించింది.

గురి తప్పిన దెబ్బ తగిలి అన్నయ్య పడ్డాడని తేలితే, ఆ ‘కుర్రతనం’ అన్న మాట చచ్చిపోతుంది. నాకు కావలసింది అదొక్కటే. నువ్వు ఊళ్లో అందర్నీ అడుగు: మోత ముందా, పడటం ముందా? ముక్కలు ఎంత దూరం చెదిరాయి?

నీ
హైమ


దిబ్బలపాలెం,
ఏప్రిల్ 17

హైమా,

నీ కవరు తెచ్చిన పోస్టుమాన్ నేను చదివేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. నాకు ఉద్యోగం వచ్చిందేమోనని ఆయన ఆశ.

ఏటేటా వచ్చే వేట నిషేధం మొదలైంది. పడవలన్నీ గట్టు మీద, మగవాళ్లందరూ పేకలో. అందుకని అడగడం తేలికైంది. మా లక్ష్ముడు చిన్నాన్న వలకి ముడులు వేస్తూనే ఉపన్యాసం ఇచ్చాడు. “మిస్సైలే. నాను సెప్తన్నాను గదేటి! సెవులు గింగుర్లెత్తిపోనాయి.” మోత విన్నాక పడిందా, పడ్డాక విన్నావా అంటే, “మోతినగానే పరిగెట్టేం. ఎల్లేసరికి తోపులో పొగుంది” అన్నాడు. అంటే పడటం ఆయన చూడలేదు. ఆ రోజు కూడా మగవాళ్లు పేకాటలోనే ఉన్నారు, ఎవరూ చూడలేదు.

ముక్కలు చెదరలేదే. తోపు చివర ఇసకమిట్ట దగ్గరే అన్నీ ఉన్నాయి. ముక్కు, తోక, రెండు రెక్కల కొసలూ అక్కడే. లారీలో ఎత్తుకుపోయేటప్పుడు నేనూ చూశాను. నీకు నచ్చదని తెలిసే రాస్తున్నాను.

ఇంకోటి. ముక్క దాచినవాళ్ల మీద కేసు పెడతామని అప్పట్లో దండోరా వేయించారు. అప్పటి నుంచి విమానం మాటెత్తితే మా ఆడవాళ్లు తలుపులేసుకుంటున్నారు. ఆ రేకు మీద మరీ అంత బరువు పెట్టకు.

అమ్మగారిని అడిగానని చెప్పు.

అనూరాధ


పాతపట్నం,
ఏప్రిల్ 25

అనూ,

‘బరువు పెట్టకు’ అని ఎంత తేలిగ్గా రాశావే!

ముక్కలన్నీ ఒక్కచోటే ఉంటే గాలిలో పగల్లేదని నాకూ తెలుసు. పగిలి ఉంటే బరువైనవి ముందుకి పోయి, తేలికైనవి గాలివాటున కొట్టుకుపోయి, మైళ్ల పొడుగునా చారలా పడేవి. ఒప్పుకుంటున్నాను. కానీ విమానం పగలకుండా పైలట్‌కే దెబ్బ తగలొచ్చు కదా? అప్పుడు చోదకుడు లేని బండిలా మొత్తంగా వచ్చి ఒక్కచోటే పడుతుంది. కాదంటావా? కాదంటే ఆ రంధ్రాలు ఎలా వచ్చాయో చెప్పు. సరుగుడు చెట్లు చదరపు చిల్లులు పెడతాయా?

నాకు ఒక్కచోట కాలు నిలవట్లేదు. కొట్టుకి వెళ్తాను, అక్కడ ఉండలేక ఇంటికొస్తాను, ఇంట్లోంచి మేడ మీదికి. “కాలు కాలిన పిల్లిలాగ ఏటే ఆ తిరుగుడు?” అంటుంది అమ్మ. ఆవిడ తిరగదు. రేకు దగ్గరే కూర్చుంటుంది. చెప్పలేదు కదూ, రేకు ఇప్పుడు మా పూజగదిలో ఉంది. వాసవీ అమ్మవారి పటం, పక్కన అన్నయ్య ఫోటో, దాని కింద రేకు. అమ్మ రోజూ పసుపు నీళ్లతో తుడిచి గంధం బొట్టు పెడుతుంది. అయినా దాన్ని ఏదో వాసన వదలట్లేదు. ఉప్పు ఉప్పుగా ఉంటుంది, ఎండ ముదిరితే మరీ ఎక్కువ. పేలుడు మందు వాసన అలా ఉంటుందేమో. అమ్మ అగరొత్తులు ఎక్కువ వెలిగిస్తోంది.

ఈ కాగితం మడతలో నీకొకటి పంపుతున్నాను. జాగ్రత్తగా విప్పు, ఊదకు. ఒక రంధ్రం అంచులో ఇరుక్కుని ఉంటే పిన్నుతో తీశాను. వెండిపూతలా పల్చగా ఉంది, గోరులో సగం కూడా లేదు, వెలుగులో పెడితే రంగులు మారుతోంది. అయస్కాంతానికి అంటలేదు. పేలినదాని లోపలి పొర అయ్యుంటుంది. ఎచ్చెర్లలో మన యూనివర్సిటీ కెమిస్ట్రీ మేడం నీకు బాగా తెలుసు కదా, ఆవిడకి చూపించు.

నాన్న జూన్ మొదట్లో ఇజీనారంలో ప్రెస్ మీట్ పెట్టిస్తున్నాడు. రేకుని అందరి ముందూ పెడతాడట. పెళ్లిళ్లలో కూడా మైకు ముట్టుకోని మనిషి, కొట్లో అద్దం ముందు నిలబడి ‘పత్రికా మిత్రులారా’ అని అలవాటు చేసుకుంటున్నాడు.

హైమ


దిబ్బలపాలెం,
మే 8

హైమా,

కాగితం అందింది. ఎచ్చెర్ల వెళ్లలేదు. మేడం సెలవులో ఉన్నారు.

నువ్వొకసారి ఇక్కడికి రా. రేకు వద్దు, నువ్వు చాలు. తోపులో చెట్లు చూద్దువుగాని. తోపుని కర్రల వ్యాపారికి అమ్మేశారు. వానలు పడేలోపు కొట్టేస్తారంటున్నారు. తొందరగా రా.

మామ్మ నీ కోసం జీడిపిక్కలు కాల్చి డబ్బాలో పోసింది.

అనూరాధ


పాతపట్నం,
మే 15

అనూరాధా,

చూశావా, నేనూ పూర్తి పేరు రాశాను.

నీకు అబద్ధం రాయడం రాదు. హాస్టల్లో ‘ఎవరి పెట్టెలో ఎండుచేపలు?’ అని వార్డెన్ వస్తే నీ మాటలు ఇలాగే పొట్టివైపోయేవి. ‘లేవు మేడం. తెలీదు మేడం.’ ఆ పెట్టెని నా మంచం పక్కనే రెండేళ్లు భరించినదాన్ని, నీ పొట్టి వాక్యాలు నాకు తెలీవా?

నేను పంపినది ఏమిటో ఒక్క ముక్క రాయలేదు. చెట్లు చూడమంటావు. నాకు చెట్లెందుకే?

నాన్న వడ్రంగి చేత రేకుకి టేకు చట్రం కట్టించాడు. ఎవరో రిటైరైన పెద్దాయన కూడా వచ్చి మాట్లాడతానన్నాడట. నిన్న కొట్లో మళ్లీ ఆ మాటే వస్తే నాన్న మొదటిసారి ఎదురు తిరిగాడు. “మా వాడు దిగలేదు, ఎవులో కొట్టి దింపేసేరు. వచ్చే నెల సూద్దువుగాని!” అన్నాడు. ఆ గొంతు విని నాకు సంతోషమేసింది, భయమూ వేసింది. ఏది ముందో చెప్పలేను.

నీకేదో తెలుసు. ఎవరినో కాపాడుతున్నావు. కాపాడుకో. కానీ నాన్న ఆ చట్రం పట్టుకుని అంతమంది ముందు నిలబడేలోపు నాకు చెప్పు. చెప్పకపోతే మళ్లీ రాయకు.

హైమ


దిబ్బలపాలెం,
మే 21

హైమా,

అది చేప పొలుసు.

నెత్తళ్లది. కాగితం విప్పగానే తెలిసింది. మా ఇంట్లో పసిపిల్లకైనా తెలుస్తుంది. దానికి అయస్కాంతం పెట్టావా! నవ్వాపుకోలేకపోయాను. “ఏటే ఆ నవ్వు?” అంటే మామ్మకి చూపించాను. మామ్మ నవ్వలేదు. అలా పీట మీద కూర్చుండిపోయింది.

వరసగా చెప్తాను. లారీ వచ్చేలోపే లక్ష్ముడు చిన్నాన్న ఆ రేకుని ఇంటికి తెచ్చేశాడు. గట్టుకి కొట్టుకొచ్చింది ఏదైనా, ముందు చూసినవాడిదే అనడం మా ఊరి అలవాటు. విమానానికి ఆ లెక్క చెల్లదని ఎవరికీ తట్టలేదు. నెత్తళ్లు మేం ఇసకలోనే ఎండేస్తాం కదా, ఎండాక ఇసక రాల్చాలి. మామ్మ ఆ రేకుని జల్లెడ చేసింది. పడవకి కొట్టే నాలుగు పలకల మేకు తీసుకుని, రంగున్న పక్క పైకి పెట్టి, రాయితో చిల్లులు పొడిచింది. నున్నటి పక్క పైకుంటే చేప చిరక్కుండా జారుతుంది. అందుకే అంచులన్నీ లోపలికి వంగాయి. నీ ఇనప ఘనాలు అవే.

దండోరా విన్నాక తాటాకుల కింద దాచాం. తర్వాత మీ నాన్నగారు వచ్చారు. “మావాడిది ఏటైనా మిగిలిందా తల్లీ?” అని గుమ్మం గుమ్మం అడిగారు. మామ్మ ఓర్చుకోలేక తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన గుండెకి హత్తుకున్నారు. అప్పుడు ‘బాబూ, ఇది చేపల జల్లెడ’ అని ఎవరు చెప్తారే? ఆ తర్వాత నువ్వు రంధ్రాల సంగతి రాశావు. మామ్మని స్టేషన్‌కి పట్టుకుపోతారని భయపడ్డాను. పూజగది అని చదివాక భయం పోయి సిగ్గేసింది.

ఇప్పుడు ముఖ్యమైంది విను. ముక్క దాచారు కాబట్టి మా ఆడవాళ్లు నోరు కూడా దాచుకున్నారు. దర్యాప్తు వాళ్లు అడిగింది మగవాళ్లని. ఆ వేళ ఇసక మీద చేపలు తిరగేస్తున్నది ఆడవాళ్లు. మామ్మని కూర్చోబెట్టి అడిగాను. ఆవిడ మాటలే రాస్తున్నాను:

“సముద్దరం మీదనుంచొచ్చిందే. మోత లేదు. గెద్దొచ్చినట్టు, గాలి సప్పుడొకటే. ఇసక మీదే దిగిపోతాది అనుకున్నాం. అందరం ఈడే ఉన్నాం, పిల్లలూ ఉన్నారు. గురమ్మయితే లెగలేక అలాగే కూకుండిపోనాది. మా తలల మీదకొచ్చి, ఇంత పైకి లెగిసి, తోపులోకెలిపోనాది. అప్పుడు దబ్బుమన్నాది. మీ సిన్నాన్న ఇన్న మోత అదే.”

ఇంజను ఆగిపోయి ఉండాలి హైమా. అందరూ క్షిపణి అనుకున్నది నేల మోత.

తోపులోకి వెళ్లి చూశాను. మొదట చెట్ల కొసలు తెగాయి, తర్వాతవి కాస్త కిందికి, ఆ తర్వాతవి నడుముకి. మెట్లు దిగినట్టు. ఎడమ పక్కా కుడి పక్కా ఒకటే ఎత్తు. ఏ రెక్కా వాలలేదు. దెబ్బ తగిలి ఒరిగిపోయినవాడి విమానం అలా దిగుతుందా? ఫిజిక్సు నీది, నువ్వే చెప్పు. ఇసక మీద మా వాళ్లని చూసి పైకి లేపాడో, గాలే లేపిందో, అది చెట్లు చెప్పవు. నాకు మాత్రం ఆ చేతులు చివరిదాకా పనిలోనే ఉన్నాయనిపించింది.

మీ నాన్నగారికి చెప్తావో లేదో నీ ఇష్టం. ఎక్కడైనా పేరు రాయవలసి వస్తే మామ్మది వద్దు, నాది రాయి.

అనూ


పాతపట్నం,
మే 29

అనూ,

మేడ మెట్ల మీద కూర్చుని చదివాను. మొదట నీ మీద కోపం వచ్చింది, తర్వాత మీ మామ్మ మీద. ఆఖరికి నా అయస్కాంతం మీద. రెండేళ్లు ముక్కు మూసుకుని నీ పెట్టెని తిట్టిన వాసనకే, మా పూజగదిలో రోజూ చేతులు జోడించాను.

ముందు దర్యాప్తు ఆఫీసుకి ఫోన్ చేశాను. రేకు మా దగ్గరుందనీ, చిల్లులు తర్వాత పెట్టినవనీ చెప్పాను. పేర్లు చెప్పలేదు. అవతలాయన కాగితాలు తిరగేసి, కావలసినవన్నీ ఎప్పుడో పట్టుకుపోయామనీ, దాంతో పని లేదనీ, ఎవరి మీదా కేసు లేదనీ అన్నాడు. మీ మామ్మకి ఈ మాట ముందు చెప్పు. చెట్ల సంగతి ఎత్తితే మాత్రం, ‘ఫోటోలతో రాసి పంపండి, చూస్తాం’ అన్నాడు.

నాన్నకి చెప్పడానికి మాత్రం రాత్రి దాకా ఆగాను. కొట్టు మూసే ముందు ఆయన గిన్నెల మూతలు తుడుస్తున్నాడు. నేనూ ఒక గుడ్డ తీసుకుని తుడుస్తూ చెప్పాను. మేకు, చేపలు, మోత లేకుండా రావడం, తెగిన కొసలు, అన్నీ. ఆయన చేతిలో మూత తళతళలాడుతున్నా తుడుస్తూనే ఉన్నాడు. చివరికి ఒకటే అడిగాడు.

“ఆ సేపలు జనం తిన్నారేటమ్మా?”

తిన్నారు నాన్నా, అన్నాను. మూత పెట్టేసి షట్టరు దించాడు.

తెల్లారి చూస్తే పూజగదిలో చట్రం ఉంది, ఖాళీగా. రేకు లేదు, నాన్న లేడు. నీకు ఫోన్ చేస్తే ‘మీ నాన్నగారు మా గుమ్మంలో ఉన్నారే, తర్వాత రాస్తాను’ అని పెట్టేశావు. సాయంత్రం బస్సు దిగి వచ్చాడు. చేతులు ఖాళీ, చెప్పుల నిండా ఇసక. ఇజీనారం మీటింగు మానేశానని చెప్పి, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. అమ్మ వెంటనే లేచి పూజగది కడిగేస్తుందనుకున్నాను. కడగలేదు.

నేనడిగితే, “మీ అనూరాధ రాస్తానన్నాది” అంటాడు.

రాయి. ఏమీ మిగల్చకుండా రాయి.

హైమ


దిబ్బలపాలెం,
జూన్ 4

హైమా,

గోనెసంచిలో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చారు. కండక్టరు దానికి లగేజీ టికెట్ కొట్టాడట. ఎవరో ఆఫీసరు వచ్చాడనుకుని మామ్మ పెరటి దారిన పరిగెట్టింది. చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాను.

“అమ్మా, నీ జల్లెడ” అన్నారు.

“నానొల్లను బాబో! దేవుడి గదిలో ఎట్టిన రేకు మీద సేపలేటి జల్లిస్తాను? కళ్లు పోతాయి!”

“దేవుడి గదిలో ఊరికే కూకున్నాది తల్లీ, నా కొట్లో అమ్ముడుపోని సరుకులాగ. మావాడు ఊరికే కూకునే రకం కాదు.”

మామ్మ రెండు చేతులా అందుకుని గోడకి ఆనించింది.

తోపులోకి తీసుకెళ్లమన్నారు. తెగిన కొసల కింద తల పైకెత్తే నడిచారు. రెండుసార్లు వేరు తగిలి తూలారు, అయినా కిందికి చూడలేదు. ఒకచోట ఆగి రెండు చేతులూ బారచాపి నిలబడి, అటు తెగిన చోటూ ఇటు తెగిన చోటూ మార్చి మార్చి చూశారు. “సమానంగానే ఉన్నాయి” అన్నారు. ఆ తర్వాత, “పడిపోనాడని రాసేరు. దింపేడని రాయమను మా అమ్మాయిని. ఈ సెట్లు సూపించి రాయమను” అన్నారు. కర్రల వ్యాపారితో ఆయనే మాట్లాడారు. వ్యాపారికి వ్యాపారి, ఏం మాట్లాడుకున్నారో నాకు సగం అర్థం కాలేదు. ఆ తెగిన వరసని అన్నిటికన్నా ఆఖర్న కొడతానని వాడు ఒప్పుకున్నాడు.

బస్సుకి టైముందని మళ్లీ మా పెరట్లో కూర్చున్నారు. మంచినీళ్లు తాగారు. “ఎలా జల్లిస్తావో సూపించు తల్లీ” అన్నారు.

నిషేధం కదా, కొత్త చేపలు లేవు. కుండలో పాత నెత్తళ్లుంటే మామ్మ తెచ్చి, ఇసకలో కలిపి రేకు మీద పోసింది. ఆ వాసనకి నువ్వయితే రోడ్డు దాకా పరిగెత్తేదానివి. ఆయన కండువా ముక్కుకి పెట్టుకోలేదు. లేచి వచ్చి రేకు రెండో కొస పట్టుకున్నారు. మామ్మ ఇటు, ఆయన అటు. “అలా గుంజీకు బాబూ! ఊయలూపినట్టు ఊపు!” అని మామ్మ గదిమింది. ఊపారు. తెల్లరంగు మీద చేపలు ఎగిరెగిరి పడ్డాయి. చిల్లుల్లోంచి ఇసక సన్నటి ధారలు కట్టి ఆయన పాదాల మీద పడింది. మామ్మ చాలు చాలంటున్నా ఆయన ఊపుతూనే ఉన్నారు.

చెప్పుల్లో నువ్వు చూసిన ఇసక అదే.

ఈ ఉత్తరం అందిన రోజే కెమెరా తీసుకుని బయల్దేరు. తోపుకి ఉత్తరం వైపు నుంచి కొట్టడం మొదలుపెట్టారు. రాస్తుంటే గొడ్డలి దెబ్బలు ఇక్కడికి వినిపిస్తున్నాయి.

అనూ